గుమాస్తా తలకాయను ఎక్సెల్లోకి దించే విధానం

వ్యాపారాన్ని కొత్త సాఫ్ట్‌వేరులోకి మార్చేటప్పుడు పాత డేటాను ముందు శుభ్రం చేయాలనే ప్రమాదకరమైన ఆలోచన ఒకటి ఈమధ్య నెల్లూరు జిల్లాలోకి కూడా ప్రవేశించింది. దీన్ని మొగ్గలోనే తుంచకపోతే రైసు మిల్లుల భవిష్యత్తు ఏమవుతుందో చెప్పలేం.

ఈఆర్‌పీ, అంటే వ్యాపారం లెక్కలన్నీ ఒకేచోట చూసే సాఫ్ట్‌వేరు, కొన్న ప్రతి మిల్లుకీ చెన్నై నుంచో హైదరాబాదు నుంచో ఒక కన్సల్టెంటు కుర్రాడు వస్తాడు. ఆఫీసులో కూర్చుని, టీ తాగి, ఎంతో మర్యాదగా ఒక మాట అంటాడు: "మాస్టర్లు, అంటే సరుకుల, పార్టీల మూల జాబితాలు, సరిచేద్దాం సార్, పనికిరానివి వదిలేద్దాం, బాకీలు పార్టీలతో సరిచూసుకుందాం, ఆ తర్వాతే ఎక్కిద్దాం." వినడానికి బాగానే ఉంటుంది. కానీ సరిచూడటం అనేది ఒకసారి మొదలైతే ఎక్కడ ఆగాలి? ఇవాళ బియ్యం లెక్క అంటారు, రేపు నూకల లెక్క అంటారు, ఎల్లుండి తవుడు లెక్క దాకా వస్తారు. తవుడు లెక్క దాకా పోయిన ఏ మిల్లులోనూ ఆ తర్వాత అన్నదమ్ములు ఒకే పంక్తిలో భోంచేసిన దాఖలా లేదు.

ముందుగా సరుకు పేర్ల సంగతి చూద్దాం. పాత కంప్యూటర్లో బీపీటీ అని ఒక ఐటమ్ ఉంటుంది. 5204 అని ఇంకొకటి. సాంబ మసూరి అని మరొకటి. కర్నూలు సోనా అని బయటి ఊళ్లకు పంపే బిల్లుల కోసం ఒకటి. సన్నాలు అని, దేనికైనా సరిపోయేటట్టు ఇంకొకటి. మొదటి నాలుగూ ఒకటే రకమని, బాపట్లలో పుట్టిన ఒకే వంగడమని కుర్రాడు కనిపెట్టి, కలిపేద్దామంటాడు. కలిపితే నిల్వ ఎంతో తేలిపోతుంది కదా! ఇన్నేళ్లుగా బీపీటీలో తగ్గింది 5204లో ఉందని, 5204లో తగ్గింది సాంబలో ఉందని చెప్పుకుంటూ హాయిగా బతుకుతున్న మనుషుల్ని రోడ్డున పడేయడం కాకపోతే ఇదేమిటి?

కొలతలది ఇంకా పెద్ద కథ. ఈ సాఫ్ట్‌వేరుకి కిలో తెలుసు, క్వింటా తెలుసు, టన్ను తెలుసు. పుట్టి తెలియదు. నెల్లూరు రైతు వడ్లు పుట్టిల్లో అమ్ముతాడు, పుట్టి అంటే 850 కిలోలు. సరే, పుట్టి అని కొత్త యూనిట్ పెట్టి పక్కన 850 కొట్టేద్దామన్నాడు కుర్రాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. "ఎప్పుడూ ఇంతేనా సార్, మారుతుందా?" అని అడిగాడు. కాటా దగ్గరున్న గుమాస్తా ముఖం అటు తిప్పుకుని, "వడ్లు పచ్చిగా ఉంటే పుట్టి రవ్వంత లావెక్కద్ది అబ్బాయా" అన్నాడు. ఆ లావుని ఏ గడిలో రాయాలో టెంప్లేట్‌లో లేదు. రాయడానికి గడి ఉంటే రైతు కూడా చదువుతాడు కాబట్టి లేకపోవడమే క్షేమమని యజమాని తేల్చేశారు.

బస్తాల విషయంలో మాత్రం తప్పు మనది కాదు, చట్టానిది. 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా లేబులేసి ప్యాక్ చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు. మర్నాటికల్లా కాకపోయినా, చూస్తుండగానే దుకాణాల నిండా 26 కిలోల బస్తా దిగింది. తెలుగువాడి లెక్కల తెలివికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. అయితే గుమాస్తా కొత్త ఐటమ్ తెరవకుండా పాత 25 కిలోల ఐటమ్‌లోనే పేరు మార్చి 26 అని కొట్టాడు. ఇప్పుడు 2019లో అమ్మిన బస్తాలు కూడా 26 కిలోలే అయ్యాయి. బస్తాకి కిలో చొప్పున వెనక్కి వెళ్లి మరీ బియ్యం పుట్టించిన మిల్లు దేశంలో ఇదొక్కటే అయి ఉండాలి.

ఇక పార్టీల జాబితా. దీన్ని తెరిచినప్పుడు కుర్రాడి ముఖం చూడాల్సింది. జాబితాలో పేర్లు ఇలా ఉన్నాయి: కావలి సైకిలాయన. గూడూరు పాత పార్టీ. గూడూరు కొత్త పార్టీ. అల్లుడుగారు వసూలు వద్దు.

"ఈ సైకిలాయన అసలు పేరేంటి సార్?"

"ఇప్పుడాయనకి మూడు లారీలుండాయి నాయనా. పేరు మారిస్తే నాకు బాకీ గుర్తురాదు, అందుకని అట్నే పెట్టినా," అన్నాడు గుమాస్తా.

"మరి గూడూరు పాత, కొత్త?"

"మనిషొకడే. పాత దాంట్లో ఇయ్యడు, కొత్త దాంట్లో ఇస్తాడు."

జీఎస్టీ నంబరు 15 అక్షరాలదని, మొదటి రెండూ రాష్ట్రం కోడని, ఆ తర్వాతి పది అక్షరాలూ పాన్ నంబరేనని, అవి పోల్చి చూస్తే ఒకే మనిషికున్న రెండు ఖాతాలు ఇట్టే దొరుకుతాయని కుర్రాడు చెప్పాడు. నిజమే. దొరికితే ఏం చేయాలన్నదే సమస్య. కలిపితే పాత బాకీ కొత్త ఖాతాలోకి వచ్చి కూర్చుంటుంది. అది చూసి ఆయన సరుకు పక్క మిల్లులో ఎత్తుకుంటాడు. వ్యాపారం తెలిసినవాడెవడూ ఈ పని చేయడు.

చిరునామాలు చూస్తే అదొక చరిత్ర పుస్తకం. 2022 ఏప్రిల్ 4న గూడూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. పిన్‌కోడ్లు మాత్రం కదల్లేదు. సాఫ్ట్‌వేరేమో జిల్లాని ఒక జాబితాలోంచే ఎంచుకోమంటుంది. రైతుల బ్యాంకు వివరాలు తీస్తే ఇప్పటికీ ఆంధ్రా బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్లే. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన కబురు మా మాస్టరు జాబితాకి ఎవరూ చెప్పలేదు. పైగా ఈ ఖాతాలన్నీ ఎక్సెల్‌లో కొట్టి ఇవ్వమన్నారు. ఎక్సెల్‌కి ఒక సుగుణం ఉంది, అంకెల ముందున్న సున్నాలను అనవసరమని తీసేస్తుంది. 16 అంకెల ఖాతా నంబరిస్తే 15 వరకే గుర్తుపెట్టుకుని చివరిది సున్నా చేస్తుంది. ముందు పోయిన సున్నాకి వెనక ఒక సున్నా, లెక్క సమమే.

ఎన్నేళ్ల డేటా తేవాలన్న దానిమీద మాత్రం పెద్ద యుద్ధమే జరిగింది. వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు భద్రంగా ఉంచితే జీఎస్టీ చట్టానికి చాలు. ఆ లెక్కలనైనా పాత కంప్యూటర్లో చదవడానికి వీలుగా ఉంచి, కొత్తదాంట్లోకి ప్రారంభ నిల్వలు, తీరని బిల్లులు, ఆ రోజు గోదాములో ఉన్న సరుకు తెస్తే సరిపోతుంది. కుర్రాడు చెప్పిందీ ఇదే, నేను విన్నంతలో తెలిసినవాళ్లు చెప్పేదీ ఇదే. యజమాని ఒప్పుకోలేదు. 1998 నుంచీ కావాలన్నారు. ఎందుకని అడిగితే, "ఉంటే మంచిది గదా" అన్నారు. ఈ దేశంలో గోదాములన్నీ ఆ ఒక్క మాట మీదే నిండాయి.

కొత్తదానికి మారే ముహూర్తం దగ్గరకొచ్చేసరికి ఆడిటరుగారు ఏప్రిల్ 1 అన్నారు. కొత్త ఆర్థిక సంవత్సరం, శుభ్రంగా ఉంటుందని. ఏప్రిల్ 1 అంటే రబీ కోతలు, గేటు బయట వడ్ల ట్రాక్టర్లు, కాటా దగ్గర ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. పోనీ కోతలయ్యాక అంటే సంవత్సరం మధ్యలో పడుతుంది, రెండు సాఫ్ట్‌వేర్లలో సగం సగం జీఎస్టీ. అది దాటితే ఎడగారు, అంటే రెండో పంట వస్తుంది. స్వర్ణాల చెరువు రొట్టెల పండగలో ఉద్యోగం రొట్టె, ఇల్లు రొట్టె, వీసా రొట్టె దొరుకుతాయి కాబట్టి ఈసారి ఖాతాలన్నిటి జమాఖర్చులూ సరితూగే ట్రయల్ బ్యాలెన్సు రొట్టె ఒకటి పట్టుకొస్తానని గుమాస్తా హామీ ఇచ్చాడు. ప్లాన్ మొత్తంలో గడువు తేదీ, బాధ్యుడి పేరు రెండూ స్పష్టంగా ఉన్న పని అదొక్కటే.

ఉత్తుత్తిగా ఒకసారి డేటా ఎక్కించి చూశారు. పాత ట్రయల్ బ్యాలెన్సుకీ కొత్తదానికీ తేడా వచ్చింది. ఎంతన్నది ఇక్కడ రాయడం భావ్యం కాదు. తేడా ఎందుకొచ్చిందో వెతుకుదామన్నాడు కుర్రాడు. వెతికితే ఆ దారి తవుడు దగ్గరికే పోతుందని మిల్లు నడిపే ఇద్దరు అన్నదమ్ములకీ ఒకేసారి అర్థమైంది. మొత్తాన్ని, లెక్క తేలని సొమ్ము రాసుకునే సస్పెన్సు ఖాతాలో పడేయమని ఇద్దరూ ఏకకంఠంతో చెప్పారు. ఆస్తి పంపకం మాట వచ్చిన దగ్గర్నుంచి వాళ్లిద్దరూ ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారట.

కుర్రాడు పట్టు విడవలేదు. చివరికి ప్లాన్‌లో ఒక వాక్యం చేర్చి, అందరి చేతా సంతకాలు పెట్టించుకుని చెన్నై బండెక్కాడు. పాత సాఫ్ట్‌వేరు, కొత్త సాఫ్ట్‌వేరు ఒక నెల రోజులు పక్కపక్కనే నడపాలి, రెండింటి లెక్కలూ కలిశాకే పాతది ఆపాలి అని ఆ వాక్యం. ఏ నెల అన్నది మాత్రం అందులో రాయలేదు.