సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో ప్రశ్నలు అడగాల్సింది ఎవరు?

ఒక సంఖ్యల జాబితా ఇస్తారు. అందులో ఏ రెండింటిని కూడితే ఫలానా మొత్తం వస్తుందో కనిపెట్టాలి. సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూల్లో అరిగిపోయిన లెక్క ఇది. అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవారికి కొట్టినపిండి. అయినా చాలామంది ఇక్కడే తడబడతారు. వినీవినగానే టైప్ చేయడం మొదలుపెడతారు. అవతలివారు చూసేది ఎదురు ప్రశ్న కోసం. ఒకే సంఖ్య రెండుసార్లు రావచ్చా? జత దొరక్కపోతే ఏం చేయాలి? జాబితా ఎంత పెద్దది?

కీలకమంతా ఆ చివరి ప్రశ్నలోనే ఉంది. పది సంఖ్యలైతే ప్రతి జతనూ కూడి చూసినా ఫరవాలేదు. లక్ష సంఖ్యలైతే దాదాపు 500 కోట్ల జతలవుతాయి. చూసిన ప్రతి సంఖ్యనూ హ్యాష్ మ్యాప్‌లో (దేన్నైనా చటుక్కున వెతికి తీయగల పట్టికలో) వేసుకుంటూ, దాని జత అప్పటికే అందులో ఉందేమో చూసుకుంటూ పోతే మాత్రం జాబితాను ఒక్కసారి చదివితే చాలు, కాకపోతే మెమరీ ఎక్కువ పడుతుంది. ఈ లాభనష్టాలను పైకి చెప్పినవారు ఒక సెమికోలన్ మరచినా ఎవరూ పట్టించుకోరు. నోరు మెదపకుండా సరైన కోడ్ రాసినవారిపై మాత్రం బట్టీ పట్టారేమోనన్న అనుమానం మిగిలిపోతుంది.

తప్పు పిల్లలది కాదు. ఎంసెట్‌లో (ఇప్పటి ఈఏపీసెట్) మూడు గంటల్లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు ఆప్షన్లు. ప్రశ్నలో కావాల్సినదంతా ఉంటుందన్న నమ్మకంతోనే అక్కడ చెయ్యి కదులుతుంది. ఇంటర్వ్యూలో ప్రశ్నను కావాలనే సగం చెప్పి వదిలేస్తారు. తరగతిలో సందేహం అడిగితే ‘ఇంతసేపూ ఏం విన్నావు?’ అనిపించుకున్నవారికి ఆ మిగతా సగం అడగడానికి నోరు రాదు.

ఈ పరీక్షకూ రోజువారీ పనికీ సంబంధమేమిటన్న విమర్శ పాతదే, న్యాయమైనదే. మ్యాక్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్లు ఎక్కించుకోవడానికి విరివిగా వాడే హోమ్‌బ్రూను సృష్టించిన మ్యాక్స్ హోవెల్, బైనరీ ట్రీని (ఒక్కో కణుపు నుంచి రెండేసి కొమ్మల దాకా చీలే డేటా అమరికను) కుడిఎడమలు మార్చి తిరగేయలేకపోయినందుకు గూగుల్ తనను కాదందని 2015లో ట్వీట్ చేశాడు. అంతటివాడికే తప్పలేదు మరి.

నా లెక్కలో ఇంతకంటే నిజాయితీగల పరీక్ష రెజ్యూమెలోని ప్రాజెక్ట్ మీద జరిగేది. ‘డేటాబేస్‌గా మైఎస్‌క్యూఎల్ ఎందుకు ఎంచుకున్నారు?’ అని అడిగితే ‘మా సార్ చెప్పారండీ’ అన్నారంటే ఆ ప్రాజెక్ట్ కొనుక్కొచ్చినదని గది మొత్తానికీ తెలిసిపోతుంది. చేసింది చిన్న లైబ్రరీ అప్లికేషనే కానివ్వండి, ఒకే పుస్తకాన్ని ఇద్దరు ఒకేసారి తీసుకోబోతే ఏమైందో, దాన్ని ఎలా సరిచేశారో చెప్పగలిగితే చాలు. అనుభవజ్ఞులకు ఎదురయ్యే సిస్టమ్ డిజైన్ రౌండ్ కూడా ఇలాంటిదే. పొడవాటి లింకులను కురచ చేసే సేవ కట్టమంటారు. రోజుకు ఎన్ని లింకులు, వాటిని ఎందరు తెరుస్తారు అని అడగకుండా బోర్డు మీద డబ్బాలు గీస్తే పని చెడినట్లే.

ఏఐ వచ్చాక ఆన్‌లైన్ రౌండ్లకు విలువ తగ్గుతోంది. కనీసం ఒక రౌండైనా ముఖాముఖిగా జరిగేలా చూస్తున్నామని 2025లో సుందర్ పిచాయ్ చెప్పారు. పక్క తెర మీది జవాబును చదివి అప్పజెప్పడం ఆ గదిలో కుదరదు.

ఆఖరి అయిదు నిమిషాల్లో ‘మీరేమైనా అడగాలా?’ అంటారు. ‘లేదు సార్’ అని ఊరుకునేవారే ఎక్కువ. ఈ ఉద్యోగం ఎందుకు ఖాళీ అయింది, రాత్రిపూట సర్వర్ ఆగిపోతే ఫోను ఎవరికి వస్తుంది అని అడిగి చూడండి. చాలాసార్లు అప్పుడు తడుముకునేది బల్లకు అవతల ఉన్నవారే.