ముందు ఆగడం సంగతి చూడాలి
పాత పద్ధతిలో హాట్ రాడ్ పికప్ (అంటే పాత బండికి బలమైన ఇంజిన్ పెట్టి వేగంగా పరుగెత్తేలా మార్చినది) కట్టేవాళ్లు మొదట ఇంజిన్ సమకూర్చుకోవాలి, మిగతావి తర్వాత అని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట దగ్గరే నాకు పేచీ. ఒహాయోలో మా పక్కింటి పెద్దాయన 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఎ పికప్‌ను విప్పి కడుతుంటే రెండు శీతాకాలాల శనివారాలు ఆయన గ్యారేజీలోనే గడిపాను. నా వంతు ఎక్కువగా తుప్పు గీకడమే అనుకోండి. ఆ బండి పుట్టింది 40 హార్స్‌పవర్ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌తో, బ్రేకులేమో కడ్డీలు లాగితే పట్టే రకం. అందులో ఫ్లాట్‌హెడ్ వీ8, అంటే ఫోర్డ్‌వారి పాత ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ దించితే పరుగు సరే, ఆగేదెలా? అందుకే ఆయన ఇంజిన్‌ను మూలన దుప్పటి కప్పి ఉంచి, 1940 నాటి ఫోర్డ్ హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పట్టే) బ్రేకులు ముందు బిగించారు. తర్వాత ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం. మోడల్ ఎ ఫ్రేము ఒకవైపు తెరిచి ఉన్న పలుచటి ఉక్కు. లోపలివైపు పలకలు వెల్డింగ్ చేసి పెట్టెలా మూయకపోతే కొత్త ఇంజిన్ బలానికి మెలితిరుగుతుంది. ఏకబిగిన వెల్డింగ్ చేస్తే వేడికి ఫ్రేమే వంగుతుందని, అంగుళం ఇక్కడ, అంగుళం అక్కడ వేస్తూ పోయేవారు. ఫ్లాట్‌హెడ్ వేడెక్కుతుందన్న ఆ వ్యాసకర్త మాట మాత్రం అక్షరాలా నిజం. పొగ దారులు బ్లాకు (సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మ) లోపలి నుంచే పోతాయి మరి. మాకు దొరికిన మొదటి బ్లాకులో వాల్వు సీటు (వాల్వు మూసుకుని కూర్చునే చోటు) నుంచి సిలిండరు దాకా వెంట్రుకంత పగులు. డబ్బు పోసి కొన్న ఆ ఇనుము ఇప్పుడు గ్యారేజీ తలుపుకు అడ్డుగా పనికొస్తోంది.