పోనూ రానూ ఒకటే అనే కాలిక్యులేటర్ గారికి

మహారాజశ్రీ విమాన దూర, సమయాల కాలిక్యులేటర్ గారి సముఖానికి,

నమస్కరించి వ్రాయునది. లండన్ నుంచి న్యూయార్క్‌కి 7 గంటల 25 నిమిషాలని తమరు సెలవిచ్చారు. ఆ మాట నమ్మినందుకు నిన్న మధ్యాహ్నం అందుకోవాల్సిన రెండో విమానం గేటు మూసుకుంది. ఆ 25 నిమిషాలు చూసే కదా నమ్మింది! "ఏడెనిమిది గంటలు" అని ఉంటే ఎవరి జాగ్రత్తలో వాళ్లుండేవాళ్లు.

తమరి లెక్క దేవరహస్యమేమీ కాదు. భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధమున్న బంతి అనుకుని, దాని మీద రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి కొలుస్తారు. 5,540 కి.మీ. వస్తుంది. దాన్ని గంటకు 800 కి.మీ. వేగంతో భాగించి, ఎక్కడానికీ దిగడానికీ అరగంట కలిపి మా మొహాన కొడతారు. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుందన్న సంగతి మరిచారు. పోనీండి, దానివల్ల వచ్చే తేడా అర శాతం లోపే.

గాలి మాటేమిటి సార్?

గాలిలో గంటకు 870 కి.మీ. పోయే విమానానికి 100 కి.మీ. ఎదురుగాలి తగిలితే నేల లెక్కన మిగిలేది 770. అదే గాలి వెనక నుంచి తోస్తే 970. మొత్తం దారికి తేడా దాదాపు గంటన్నర! పడవ, ప్రవాహం లెక్కలు చేసిన ఏ బడిపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు, ఏటివాలుకీ ఎదురీతకీ ఒకటే సమయం పట్టదని. అట్లాంటిక్ మీద జెట్ స్ట్రీమ్ (బాగా ఎత్తున జోరుగా సాగే గాలి ప్రవాహం) పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది, చలికాలంలో మరీ జోరుగా. 2020 ఫిబ్రవరిలో ఆ తోపుకి ఒక విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చి పడింది. నువ్వేమో అటు అడిగినా 7:25, ఇటు అడిగినా 7:25. ఊళ్ల పేర్లు తిరగేసి టైపు చేయడం మా బుద్ధితక్కువ!

అసలు నువ్వు గీసిన గీత మీద ఎగిరేదెవరు? ఆ సముద్రం మీద దారుల్ని గాలిని బట్టి రోజూ కొత్తగా గీస్తారు. తూర్పుకి పోయేవి జెట్ స్ట్రీమ్‌ని వెతుక్కుంటాయి, పడమటికి పోయేవి తప్పించుకుంటాయి. అంటే నీ 5,540 కూడా ఉత్తుత్తి అంకే.

ఇక 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక, ఫిన్లాండ్‌లోని హెల్సింకికీ టోక్యోకీ మధ్య ఐరోపా విమానాలు చుట్టూ తిరిగి సుమారు 13 గంటలు ఎగురుతున్నాయి. నీ లెక్కలో ఇప్పటికీ పదింబావే. రన్‌వే దాకా పాకే సమయం, క్యూ, దిగే ముందు ఆకాశంలో కొట్టించే గిరికీలు (ఒక్కోటి నాలుగు నిమిషాలు) అన్నీ ఆ అరగంటలోనే సర్దుకోవాలా? టికెట్ మీద వేసే సమయం విమానం గేటు వదిలినప్పటి నుంచి గేటు చేరేదాకా. అది చూసుకోవాల్సింది పోయి నీ దగ్గరికి వచ్చాం, చెప్పుతో కొట్టుకోవాలి.

అయినా మళ్లీ వస్తాం. ఏది దగ్గర, ఏది దూరం అని చిటికెలో తేల్చేది నువ్వే మరి. దూరం చెప్పు, చాలు. సమయం చెప్పి తీరాలనుంటే రెండు గళ్లు పెట్టు: పోను ఇంత, రాను ఇంత.

ఇట్లు,
ఎదురుగాలి బాధితులు

తా.క.: జవాబు రాస్తే రాయి. అది ఎప్పటికి చేరుతుందో మాత్రం చెప్పకు.