పక్కవాద్యం వాళ్ళకి పేర్లుండవా?

మన చికాగో తెలుగువాళ్ళ ఉగాది సంబరాలు బాగా జరిగాయని అందరూ అంటున్నారు. కాదనను. పంచాంగ శ్రవణానికి హాలు నిండింది, పచ్చడి అందరికీ అందింది, భోజనాల దగ్గర తోపులాట లేదు. కానీ సంగీత విభావరి చివర జరిగినది మాత్రం నాకు ఈ రోజుకీ మింగుడుపడటం లేదు.

ఇండియా నుంచి వచ్చిన గాయకుడి వెనక వాయించింది మన ఊరివాళ్ళే, అయిదుగురు. మూడు వారాలు రిహార్సల్ మా బేస్‌మెంట్‌లోనే జరిగింది. గిటార్ వాయించినవాడు మా స్నేహితుడి కొడుకు, 19 ఏళ్ళు. శుక్రవారం క్లాసులయ్యాక రెండున్నర గంటలు కారు నడుపుకుని వచ్చేవాడు. మొత్తం 18 పాటలు. ముందురోజు గాయకుడు వచ్చి నాలుగు పాటలకి శ్రుతి మార్చారు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని అవన్నీ మళ్ళీ నేర్చుకున్నారు. మా ఆవిడ మజ్జిగ ఇస్తే గ్లాసు అందుకుంటున్నప్పుడు చూశాను. ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాచి, వాటి మీద తీగ దిగిన గీత తెల్లగా కనబడుతోంది.

ప్రోగ్రామ్‌లో ఏడో పాట మధ్యలో ల్యాప్‌టాప్ నుంచి వస్తున్న ట్రాక్ ఆగిపోయింది. గాయకుడు తడబడ్డారు. ఈ కుర్రాడు తలెత్తి తబలా వైపు చూశాడు, అంతే. ఇద్దరూ తాళం వదలకుండా చరణం దాటించేశారు. ట్రాక్ ఆగిందని హాల్లో సగంమందికి తెలియనే తెలియదు.

తర్వాత సన్మానాలు. దాతలని పేరుపేరునా పిలిచి శాలువాలు కప్పారు, జ్ఞాపికలు ఇచ్చారు, ఫొటోలు తీశారు. నలభై నిమిషాలు పట్టింది. చివర్లో మైకులో ఒక్క మాట: "మ్యూజిక్ బాయ్స్‌కి కూడా థాంక్స్." ఆ అయిదుగురూ అప్పుడు వేదిక మీదే కేబుళ్ళు చుట్టుకుంటున్నారు. కీబోర్డు వాయించింది అమ్మాయి. తబలా ఆయనకి యాభై దాటాయి.

గిటార్ యాంప్లిఫయర్ (ఆంప్) కారులోకి ఎక్కించడానికి సాయం వెళ్ళి నేనే బాధపడుతుంటే, ఆ కుర్రాడే నాకు సర్దిచెప్పాడు. "లైట్ తీసుకోండి అంకుల్. బడీ గై పేరు కూడా వెయ్యలేదు ఒకసారి."

చికాగోలో 22 ఏళ్ళుగా ఉంటున్నాను. బడీ గై అంటే పేరున్న బ్లూస్ గిటారిస్టు. డౌన్‌టౌన్‌లో ఆయన క్లబ్బు ముందునుంచి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. అంతకుమించి ఆయన గురించి తెలియదు. ఆ వారమంతా చదివాను, విన్నాను.

1936లో లూసియానాలో పుట్టారు. వేరేవాళ్ళ పొలంలో పత్తి పండించి వాటా తీసుకునే కుటుంబం. కిటికీ తెర నుంచి లాగిన తీగతో వాయించడం మొదలుపెట్టారు. 1957 సెప్టెంబరు 25న మన చికాగోలో అడుగుపెట్టారు. పని దొరక్క, కడుపు మాడి, ఇంటికి తిరిగి వెళ్ళిపోదామనుకున్న రోజుల్లో అప్పటికే పేరుమోసిన బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ అంతటివాడు పిలిచి సలామీ శాండ్‌విచ్ పెట్టిన సంగతి ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు.

ఆ తర్వాత 1960లలో చాలాకాలం చెస్ రికార్డ్స్ అనే చికాగో కంపెనీలో పక్కవాద్యమే. మడ్డీ వాటర్స్, హౌలిన్ వుల్ఫ్, కోకో టేలర్ లాంటి బ్లూస్ గాయకుల రికార్డుల్లో ఆయన గిటార్ ఉంది. క్లబ్బుల్లో వాయించినట్టు ఆంప్ పెంచి మోగిస్తానంటే, అది ఒట్టి రొద అని కంపెనీ యజమాని లెనర్డ్ చెస్ ఒప్పుకోలేదు. పగలు టో ట్రక్కు నడిపి, రాత్రి క్లబ్బుల్లో వాయించేవారు. 1963లో మడ్డీ వాటర్స్ 'ఫోక్ సింగర్' రికార్డింగులో అకౌస్టిక్ గిటార్ పట్టారు. అది నాలుగుసార్లు విన్నాను. పాట ఆగినచోట ఒక్క మాట అని, గాయకుడు నోరు తెరవగానే పక్కకి తప్పుకుంటుంది ఆ గిటార్. ఆ గొంతు బరువు మనకి తెలిసేది ఆ తప్పుకోవడం వల్లే.

కుర్రాడు చెప్పింది 1965 సంగతి. డెల్‌మార్క్ అనే ఇంకో రికార్డు కంపెనీ వాళ్ళు గాయకుడు జూనియర్ వెల్స్‌తో 'హూడూ మ్యాన్ బ్లూస్' రికార్డు చేస్తుంటే మధ్యలో బడీ గై ఆంప్ చెడిపోయింది. అది బాగుపడేలోగా గిటార్‌ని ఆర్గన్ స్పీకరుకి కలిపి వాయించేశారు. చెస్‌తో ఒప్పందం అడ్డొస్తుందేమోనని, మొదట వచ్చిన రికార్డుల అట్ట మీద ఆయన పేరుకి బదులు 'ఫ్రెండ్లీ చాప్' అని వేశారు. వాళ్ళకి ఒప్పందం అడ్డం. మనకేం అడ్డం?

మన పద్ధతి ఇది కాదు. త్యాగరాజ ఆరాధనలో పదేళ్ళ పిల్ల పాడినా మృదంగం ఎవరు, వయొలిన్ ఎవరు అని ముందే చెప్తారు. కచేరీలో తని ఆవర్తనం వస్తే పాడేవారు తాళం వేస్తూ కూర్చుంటారు, ఆ కాసేపూ వేదిక మృదంగానిదే. బుర్రకథలో అటూ ఇటూ వంతలు లేకపోతే కథ నడవదు. అయినా 'వంత పాడటం' అనే మాటని మనం తిట్టు చేసుకున్నాం. ఆ చులకన మనలో ఎక్కడో ఉంది. సినిమా పాటల దగ్గరికి వచ్చేసరికి బయటపడుతుంది.

కమిటీ వైపు కూడా చెప్పాలి. హాలు అద్దె దాతల డబ్బుతోనే కడుతున్నాం. వాలంటీర్లు ఉద్యోగాలు చేసుకుంటూ నిద్ర మానుకుని పనిచేస్తున్నారు. మూడేళ్ళ క్రితం నేను కల్చరల్ కమిటీలో ఉన్నప్పుడు, ఫ్లయర్‌లో చోటు చాలక వాయిద్యకారుల లైను తీసేసింది నేనే. అప్పుడు ఎవరూ అడగలేదు, నాకూ తప్పనిపించలేదు. అయినా సరే, అయిదు పేర్లు చదవడానికి అరనిమిషం చాలు.

అధ్యక్షులవారికి, కమిటీ మిత్రులకి నా విన్నపం ఇదే. ఫ్లయర్ మీద గాయకుడి ఫొటో కింద వాయించేవాళ్ళ పేర్లు వెయ్యండి. మొదటి పాట అవగానే, జనం ఇంకా కుర్చీల్లో ఉండగానే, ఒక్కొక్కరినీ పరిచయం చెయ్యండి. కారు గ్యాస్ డబ్బులైనా ఇవ్వండి. వాళ్ళకి కాస్త అన్నం తీసి ఉంచండి. ఆ రాత్రి సామాను సర్దుకుని వచ్చేసరికి వాళ్ళకి మిగిలింది చల్లారిన పులిహోర.

ఈ వ్యాసంలో వాడి పేరు వేస్తానంటే వద్దన్నాడు. "కంప్లైంట్ చేసినట్టుంటుంది అంకుల్. స్టేజీ మీద చెప్తే చాలు." దీపావళి ఫ్లయర్ ఇంకా ప్రింటుకి వెళ్ళలేదు. అయిదుగురి పేర్లూ, ఎలా పలకాలో కూడా రాసి, నిన్న రాత్రి కమిటీకి పంపాను.