కెమెరాకు తీసిన తలుపు తల్లికెందుకు మూస్తున్నరు?

నెలలు నిండకుండ పుట్టిన పిల్లల్ని ఉంచే దవాఖాన వార్డుల, కిలోన్నర కూడా లేని బిడ్డ వార్మర్ (ఒంటికి వేడినిచ్చే మంచం) పక్కన నిలబడి ఒక నాయకుడు దిగిన ఫోటో నిన్నటి నుంచి అందరి ఫోన్లల్ల తిరుగుతున్నది, ఏ దవాఖాన, ఏ నాయకుడు అన్న ముచ్చట ఇక్కడ చెప్పం, చూసినోళ్ళకు తెలుసు. ఆయన పుట్టినరోజట, పండ్లు పంచిండ్రట. ముక్కుకు ఊపిరి అందించే సీప్యాప్ పైపు, కడుపులకు పాల పైపు ఉన్న పసిగుడ్డుకు యాపిల్ పండు ఎట్ల తినిపిస్తరో ఆ పంచినోళ్ళే చెప్పాలె. ఫోటోల పదిమంది ఉన్నరు, బూట్లతోటే ఉన్నరు, ఒక్కరి మీద గౌన్ లేదు. బిడ్డ కాలుకు 'బేబీ ఆఫ్' అని తల్లి పేరు రాసిన ట్యాగ్ ఉన్నది గానీ ఆ తల్లి మాత్రం లేదు. ఆమె బయట వరండాల, ఆపరేషన్ కుట్లు పట్టుకొని కూసున్నది. లోపలికొస్తే ఇన్‌ఫెక్షన్ వస్తదమ్మా అని చెప్పిండ్రు మరి.

ఇన్‌ఫెక్షన్ భయం ఉత్తదేం కాదు, నర్సులు తక్కువున్నరు, ఒక్కోసారి ఒక్క వార్మర్ మీద ఇద్దరు పిల్లల్ని పండబెట్టాల్సి వస్తున్నదని డాక్టర్లు చెప్పేది నిజమే, ఒప్పుకుంటం. కానీ పదిమంది బూట్లకు రాని ఇన్‌ఫెక్షన్, చేతులు కడుక్కొని వచ్చే ఒక్క తల్లికే ఎట్ల వస్తది?

37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తులు సరిగ ముదరవు, ఒంట్ల కొవ్వుండదు కాబట్టి వేడి నిలవదు, 34 వారాల లోపైతే చప్పరించుడు, మింగుడు, ఊపిరి తీసుకునుడు మూడూ కలిపి చేతకాదు. (ఏడో నెల బిడ్డ బతుకుతది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అనే మాట ఊర్లల్ల ఇంకా నడుస్తున్నది, అది తప్పు, కడుపుల ఒక్క వారం ఎక్కువున్నా బిడ్డకు మంచిదే.) మెషిన్లు కావాలె, కాదనం. తల్లి ఒంటి వేడి కూడా అంతే కావాలె. 1978ల కొలంబియా దేశం బొగోటాల డాక్టర్ ఎడ్గర్ రే తల్లి ఎదకు బిడ్డను కట్టే కంగారూ పద్ధతి మొదలుపెట్టిందే ఇంక్యుబేటర్లు సరిపోక, ఇన్‌ఫెక్షన్లు ఆగక. అంటే మన దవాఖానలు తల్లిని బయట పెట్టడానికి చెప్పే కారణాలతోనే అక్కడ తల్లిని లోపలికి పిలిచిండ్రు! ఢిల్లీ సఫ్దర్‌జంగ్ సహా ఐదు దేశాల దవాఖానలల్ల చేసి 2021ల బయటపెట్టిన పరిశోధనల, పుట్టంగనే తల్లి ఎద మీద పెట్టిన తక్కువ బరువు పిల్లలల్ల మొదటి 28 రోజుల చావులు 25 శాతం తగ్గినయి. 2022ల డబ్ల్యూహెచ్‌ఓ కూడా బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండ వెంటనే మొదలుపెట్టమన్నది. ఇదంతా ఫారిన్ ముచ్చట అంటరేమో, మన కేంద్ర ఆరోగ్య శాఖనే 2017ల తల్లిదండ్రుల్ని ఎస్‌ఎన్‌సీయూలకు (జబ్బుపడ్డ పసిపిల్లల ప్రత్యేక వార్డులకు) రానిచ్చి, నేర్పించి, బిడ్డ పనులు వాళ్ళతోటి చేయించమని గైడ్‌లైన్స్ ఇచ్చింది. ఏ బీరువాల పడి ఉన్నయో.

ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చేటోళ్ళ సంగతి ఇంకా అన్యాలం. కాన్పైన దవాఖానల తల్లి, వంద కిలోమీటర్ల దూరంల వరంగల్‌ల బిడ్డ, నడుమ పాల డబ్బా పట్టుకొని తిరిగే తండ్రి. ప్రైవేటుల పెడదామంటే ముందుగాల డిపాజిట్, తర్వాతనే వార్మర్, అక్కడ కూడా తల్లికి అద్దంల నుంచి పది నిమిషాల దర్శనం. జబ్బుపడ్డ పసిపిల్లలకు సర్కారు దవాఖానల అంతా ఫ్రీ అని 2011 నుంచే జననీ శిశు సురక్ష కార్యక్రమం ఉన్నది కదా, బిడ్డతోపాటు తల్లికి మంచం సూపెట్టుడు అంత బరువైందా?

చుట్టాలు కూడా తక్కువేం తినలేదు. నిండు నెలల బిడ్డ పుడితే స్వీట్లు, స్టేటస్‌లు, 21వ రోజు తొట్టెల. నెలలు తక్కువ పుడితే "ఇప్పుడే ఎవ్వరికీ చెప్పకుండ్రి, బతికినంక చూద్దాం" అని గుసగుసలు, ఆడపిల్లయితే "ఎందుకు ఇంత ఖర్చు" అనే మాట కూడా. అదే మనిషి నాయకుడి ఫోటో కింద మాత్రం దండం ఎమోజీ పెడతడు.

నవంబర్ 17 వస్తే దవాఖానలకు ఊదా రంగు బెలూన్లు కడతరు, ప్రీమెచ్యూరిటీ డే అని కేక్ కోస్తరు, స్టేజీ మీద తల్లి గొప్పతనం మీద స్పీచులుంటయి. ఆ స్పీచ్ ఇచ్చిన నోటితోనే తెల్లారి సెక్యూరిటీకి తల్లుల్ని ఆపమని చెప్తరు. ఈసారి బూట్లకు గేటు తీసిండ్రు, ఎవ్వరూ అడగకపోతే రేపు ప్రతి పుట్టినరోజుకూ తీస్తరు, గల్లీ లీడర్ కూడా నాకేం తక్కువ అని కెమెరామన్‌ను ఎంటేసుకొని వస్తడు.

సూపరింటెండెంట్ సార్లూ, రూల్ అంటే అందరికీ రూల్, లేకపోతే తీసెయ్యండి. పండ్లు పంచే సార్లూ, మీకు నిజంగ ఆ పిల్లల మీద అంత ప్రేమ కారిపోతుంటే ఆ యాపిల్ పైసలతోటి వార్మర్‌కొక కుర్చీ కొనియ్యుండ్రి, తల్లి కూసుంటది. ఫోటో కావాలంటే గేటు బయట దిగుండ్రి, అక్కడ ఎండ మంచిగనే ఉంటది.