“పానా పట్టడానికి చదువెందుకు?” అన్న మెసేజీకి జవాబు

భారీ యంత్రాల మెయింటెనెన్స్ కోర్సుల గురించి ఒక మెసేజీ చాలా రోజులుగా చేతులు మారుతోంది. నాకే నలుగురు పంపారు. అందులో ఇద్దరు పిల్లవాణ్ణి చేర్పించాలా వద్దా అని తేల్చుకోలేక పంపినవాళ్ళు. మెసేజీలో ఉన్నది ఇదీ: ఎక్స్‌కవేటర్లు, డోజర్లు, క్రేన్లు, ఫ్యాక్టరీ యంత్రాల రిపేరు చదువు అబ్బనివాళ్ళ పని. ఇప్పుడు లాప్‌టాప్ తగిలిస్తే ఏం పోయిందో అదే చెబుతుంది. నేర్చుకోవాలంటే షెడ్డులో ఆరు నెలలు చాలు, కోర్సు దండగ. ఎలాగూ కరెంటు యంత్రాలు, డ్రైవర్ లేని యంత్రాలు వచ్చి మెకానిక్‌ని ఇంటికి పంపేస్తాయి. ఉన్నన్నాళ్ళూ చేతికి గ్రీజు, నడుముకు నొప్పి తప్ప ఎదుగుదల ఉండదు.

ఇరవై ఏళ్ళు ఈ పని చేసి, ఇప్పుడు కుర్రాళ్ళకు నేర్పుతున్నాను. మెసేజీలో ఒకటి రెండు నిజాలు లేకపోలేదు. వాటి దగ్గరికి వచ్చినప్పుడు ఒప్పుకుంటాను.

“చదువు అబ్బనివాళ్ళ పని, ఒంట్లో బలముంటే చాలు.”

దీనికి ఒక్క బోల్టు చాలు. పానాతో మనం పెట్టే బలంలో దాదాపు తొమ్మిదొంతులు రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి రెండు భాగాలనూ పట్టి ఉంచేది మిగిలిన ఒక్క వంతే. మరలకు నూనె రాశామనుకోండి, రాపిడి తగ్గుతుంది. పొడి బోల్టుకు ఇచ్చిన టార్క్ (తిప్పే బలం) లెక్కతోనే దాన్ని బిగిస్తే బోల్టు ఓర్చుకోగలిగినదానికంటే ఎక్కువ సాగిపోతుంది. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, లోడు మీద తెగుతుంది. ఒంట్లో బలమున్నవాడు ఇంకాస్త తొందరగా తెంపుతాడు, అంతే తేడా.

“లాప్‌టాప్ పెడితే అదే చెబుతుంది, మార్చేస్తే సరి.”

మెసేజీ మొత్తంలో తెలివైన మాటలా కనిపించేది ఇదే, ఎక్కువ డబ్బు పోగొట్టేదీ ఇదే. లాప్‌టాప్ చెప్పేది ఫాల్ట్ కోడ్. కోడ్ అంటే “ఫలానా తీగ మీద వోల్టేజీ ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది” అన్న ఫిర్యాదు. ఎందుకు తక్కువైందో దానికి తెలియదు. సెన్సరు చెడిందా, తీగ తెగిందా, కనెక్టరులో నీళ్ళు చేరాయా, ఇంకెవరో ఆ కరెంటును మింగేస్తున్నారా అన్నది వెతకాల్సింది మనిషే.

ఒకసారి ఒక లోడరు నాలుగు సెన్సర్లకు ఒకేసారి కోడ్లు చూపించింది. నాకంటే ముందు వచ్చినవాళ్ళు అందులో రెండు సెన్సర్లు కొత్తవి వేసి వెళ్ళారు. కోడ్లు అలాగే ఉన్నాయి. పుండు ఒకచోట, మందు ఒకచోట. నాలుగూ ఒకేసారి ఎలా చస్తాయి అని డ్రాయింగు తీస్తే, నాలుగింటికీ 5 వోల్టుల సప్లై ఒకే తీగ నుంచి వస్తోంది. ఆ తీగ మీద మల్టీమీటరు పెట్టాను, అర వోల్టు కూడా లేదు. మీటరు అలాగే ఉంచి సెన్సర్ల ప్లగ్గులు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాను. మొదటిది పీకితే మార్పు లేదు. రెండోది పీకినా లేదు. మూడోది పీకగానే మీటరు ఎగిరి 5 దగ్గర కూర్చుంది. లోపల నీరు చేరి షార్టయిన ఆ ఒక్క సెన్సరు తనతోపాటు మిగతా మూడింటి నోరూ నొక్కేసింది. పాపం, మార్చేసిన రెండూ నిక్షేపంలా ఉన్నాయి.

కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ లైనుదీ ఇదే కథ. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. బ్యాటరీ తీసేసి రెండు తీగల మధ్య కొలిస్తే 60 రావాలి. 120 వస్తే ఎక్కడో ఒక చివర తెగిందని అర్థం. స్క్రీన్ నిండా కోడ్లున్నా, ఈ ఒక్క కొలత తెలియనివాడు కంట్రోలర్ మార్చమంటాడు.

“టైమ్ అవగానే పార్టులన్నీ మార్చేస్తే పోదా” అనేవాళ్ళూ ఉన్నారు. విమాన భాగాల మీద 1978లో నౌలన్, హీప్ అనే ఇద్దరు యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు ఇచ్చిన నివేదికలో, వయసు పెరిగేకొద్దీ పాడయ్యే అవకాశం పెరిగే రకాలు 11 శాతమే తేలాయి. 68 శాతం రకాల్లో ఎక్కువ ప్రమాదం కొత్తగా బిగించిన మొదటి రోజుల్లోనే. బకెట్ పళ్ళూ ట్రాక్ చైనూ అరిగిపోయే డోజరుకు విమానం లెక్క అచ్చంగా అతకదు, నిజమే. కానీ బాగున్నదాన్ని విప్పడం కూడా ఒక ప్రమాదమేనన్న సంగతి రెండింటికీ ఒకటే.

“షెడ్డులో ఆరు నెలలు చాలు, మిగతాది వీడియోల్లో ఉంది.”

షెడ్డు లేకుండా ఈ పని రాదు, ఆ మాటకు అడ్డు చెప్పను. చేతికి అలవాటు కావాల్సింది చేతికే కావాలి. చిక్కెక్కడంటే, షెడ్డులో మేస్త్రికి తెలిసినంతే వస్తుంది, ఆయన తప్పులతో సహా వస్తుంది. వీడియోలో రిపేరు అయినదే చూపిస్తారు. పది రోజులకు అదే యంత్రం మళ్ళీ ఆగిపోతే ఆ రెండో భాగం ఎవరూ పెట్టరు.

ఆ రెండో భాగం నేను చూశాను. ఒక ఎక్స్‌కవేటరుకు మెయిన్ పంపు, అంటే నూనెను ప్రెషర్‌తో తోసి బకెట్‌ను కదిలించే హైడ్రాలిక్ పంపు, పోయింది. కొత్తది వేశారు, పని మొదలైంది, అందరూ సంతోషం. తొమ్మిదో రోజున కొత్త పంపూ పోయింది. “నకిలీ పంపు అంటగట్టారు” అని గొడవ. పాత పంపు పగిలినప్పుడు రాలిన ఇనుప రజను పైపుల్లో, కూలర్లో, ట్యాంకు అడుగున అలాగే ఉంది. ఎవరూ కడగలేదు, కొత్త పంపు దాన్నే తాగింది. అలాంటి పంపు లోపల పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు కొన్ని మైక్రాన్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మన కంటికి సుమారు 40 మైక్రాన్ల కంటే చిన్న రేణువు కనబడదు. గుడ్డతో తుడిచి “శుభ్రంగానే ఉంది” అంటే ఆ మాటకు విలువ లేదు. నూనెలో 4, 6, 14 మైక్రాన్లు, ఆపైన ఉన్న రేణువులు ఎన్నో లెక్కపెట్టి, ఐఎస్ఓ 4406 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మూడు అంకెలు రాస్తారు. అందులో ఒక అంకె పెరిగితే మురికి రెట్టింపైనట్టు. ఆ మూడు అంకెలు చదవడం వీడియో చూస్తే రాదని కాదు, అలాంటివి ఉన్నాయని తెలిస్తేగా వెతకడానికి?

ఇంకో సంగతి ప్రాణానికి సంబంధించినది. ఎక్స్‌కవేటరు హైడ్రాలిక్ లైనులో 350 బార్ దాకా ప్రెషర్ ఉంటుంది. హోసులో సూది మొనంత రంధ్రం పడితే బయటికొచ్చే నూనె ధార కంటికి సరిగా ఆనదు. ఎక్కడ కారుతోందో చూద్దామని చెయ్యి పెడితే చర్మంలోకి దూసుకుపోతుంది. బయటికి చిన్న గాటే, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు. గంటల్లో ఆపరేషన్ చేయకపోతే వేలో చెయ్యో పోవచ్చు. అందుకే అట్టముక్క పెట్టి వెతకాలి. ఇంజను ఆపినా అక్యుములేటరులో (నూనె ప్రెషర్‌ను దాచి ఉంచే సీసాలో) నైట్రోజన్ ప్రెషర్ మిగిలే ఉంటుందని, బకెట్ నేలకు దించి, ప్రెషర్ వదిలేశాకే పైపు విప్పాలని మొదటి వారంలోనే చెప్పాలి. షెడ్డులో ఇది ఎవరికో దెబ్బ తగిలాక చెబుతారు.

“కరెంటు యంత్రాలొస్తే మెకానిక్‌తో పనే ఉండదు.”

డీజిల్ ఇంజను పోతే దాని ఫిల్టర్లు, ఇంజెక్టర్ల పని పోతుంది. కానీ బ్యాటరీతో నడిచే ఎక్స్‌కవేటరు కూడా మట్టిని తవ్వాల్సిందే. ఇప్పుడు వస్తున్నవాటిలో ఎక్కువ భాగం ఆ తవ్వడం హైడ్రాలిక్ సిలిండర్లతోనే. పిన్నులూ బుష్‌లూ అరుగుతూనే ఉంటాయి. పైగా వందల వోల్టుల డీసీ వచ్చి చేరింది, ఇన్సులేషన్ పరీక్ష తెలియనివాణ్ణి దాని దరిదాపులకు రానివ్వకూడదు. పని తగ్గలేదు, చదవాల్సింది పెరిగింది.

డ్రైవర్ లేని డంపర్లు రేపటి ముచ్చటేమీ కాదు. కొమాట్సు 2008లోనే చిలీలోని గాబ్రియేలా మిస్ట్రాల్ రాగి గనిలో వాటిని నడిపించింది. నడపడానికి మనిషి అక్కర్లేకపోయింది గానీ టైర్లకు, బ్రేకులకు, సెన్సర్లకు మనిషి కావాల్సే వచ్చింది. ఒక్కటి ఆలోచించండి: ఇదివరకు ఆపరేటరు దిగొచ్చి “అన్నా, ఎడమవైపు ఏదో గరగర శబ్దం వస్తోంది” అనేవాడు. సగం బ్రేక్‌డౌన్లు ఆ మాటతోనే ఆగేవి. క్యాబిన్ ఖాళీ అయ్యాక ఆ గరగర వినేవాడెవడు? వైబ్రేషన్ కొలిచేవాడూ నూనె శాంపిల్ చదివేవాడూ ముందుకంటే ఎక్కువ కావాలి.

“నడుం నొప్పి తప్ప ఎదుగుదల ఉండదు.”

నడుం సంగతి నిజం. ఎండ, దుమ్ము, మోత, అర్ధరాత్రి ఫోన్లు అన్నీ నిజమే. నా కుడి చెవి సరిగా వినబడదు, ఇయర్‌ప్లగ్ పెట్టుకోమంటే నవ్విన రోజుల ఫలం అది. ఇవి భరించలేననుకునేవాళ్ళు ఈ దారికి రాకపోవడమే మంచిది, అందులో తప్పేమీ లేదు.

ఎదుగుదల లేదన్నది మాత్రం శుద్ధ అబద్ధం. వైబ్రేషన్ విశ్లేషణకే ఐఎస్ఓ 18436 కింద నాలుగు అంచెల సర్టిఫికెట్ ఉంది. ఆ పని చేసేవాడు బేరింగు విప్పకుండానే, షాఫ్టు తిరిగే వేగంతో సరిగ్గా కలిసే వణుకు బ్యాలెన్స్ తప్పడం వల్ల కావచ్చని, దానికి రెట్టింపు వేగంలో వస్తే అలైన్‌మెంట్ చూడాలని చెబుతాడు. నూనె రిపోర్టులో సిలికాన్ పెరిగితే ఎయిర్ ఫిల్టరు దగ్గర దుమ్ము దూరుతోందని, సోడియం పెరిగితే కూలెంట్ కలుస్తోందేమో చూడమని చెప్పేవాడు వేరే ఉంటాడు. రిపేర్ల కోసం ఫ్యాక్టరీని ఆపే షట్‌డౌన్ ప్లాన్ చేసేవాళ్ళు, యంత్రం కొనేముందు తనిఖీ చేసేవాళ్ళు, నాలా పాఠాలు చెప్పేవాళ్ళు... వీళ్ళలో చాలామంది గ్రీజు చేతులతో మొదలైనవాళ్ళే.

కోర్సు దండగ అన్న మాట ఒక్కచోట నిజమవుతుంది: వర్క్‌షాపు లేని కోర్సు విషయంలో. కోసి, రంగులేసి, స్టాండు మీద పెట్టిన ఇంజను చూపించి ఫీజు తీసుకునే చోట్లు ఉన్నాయి. చేరేముందు వెళ్ళి, నడిచే యంత్రం ఉందా, చెడగొట్టి బాగుచేయనిస్తారా అని అడగండి. ఇంకొకటి కూడా అడగండి. యంత్రం మీద పనిచేసేటప్పుడు ఇంకెవరూ స్టార్ట్ చేయకుండా మెయిన్ స్విచ్‌కు ఎవరి తాళం వాళ్ళు వేసుకోవాలి, ఎవరిది వాళ్ళే తియ్యాలి. అక్కడ ఒక్కో విద్యార్థికి ఒక్కో తాళం ఇస్తున్నారా, లేక ఆఫీసు గోడకు వేలాడే బోర్డు మీద బొమ్మ మాత్రమే ఉందా?