క్రిప్టోకు ఆషాఢం సేల్ ఉండదు

క్రిప్టో ధరలు నిట్టనిలువునా పడిన ప్రతిసారీ ఒక మెసేజ్ లేచి వస్తుంది. మాదాపూర్ ఆఫీసు గ్రూపుల్లో మొదలై కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ గ్రూపుల దాకా తిరుగుతుంది. మాటలు కొంచెం అటూఇటూ అయినా సారాంశం ఇదీ: “బిట్‌కాయిన్ సగం ధరకే దొరుకుతోంది, ఇది క్రిప్టోకు ఆషాఢం సేల్. ఎప్పుడు పడినా మళ్లీ లేచింది. ఇంకా పడితే ఇంకా కొని సగటు తగ్గించుకోండి. చిన్న కాయిన్లయితే పదింతలు. నష్టమొస్తే టాక్సులో చూపించుకోవచ్చు. చేతిలో లేకపోతే లోన్ తీసుకునైనా కొనండి. ఎక్స్చేంజీలు ఇప్పుడు ప్రభుత్వం దగ్గర రిజిస్టరయ్యాయి, భయం లేదు.”

ఇందులో కొన్ని సగం నిజాలు. టాక్సు మాట మాత్రం పచ్చి అబద్ధం. వరసగానే చూద్దాం.

“సగం ధరకే దొరుకుతోంది”

ఆషాఢంలో సగం ధరకు తెచ్చుకున్న చీరకు పట్టు, జరీ, నేత కూలీ అని ఒక లెక్క ఉంటుంది. శ్రావణం రాగానే అదే చీర పాత ధర పలుకుతుందని షాపువాడికీ తెలుసు, మనకూ తెలుసు. కాయిన్ వెనక అలాంటి లెక్క లేదు. దానికి అద్దె రాదు, వడ్డీ రాదు, డివిడెండు రాదు. నెల క్రితం ధర దాని ఎమ్మార్పీ కాదు, ఆ రోజు ఎవరో ఒకరు ఇచ్చిన ధర, అంతే.

సగానికి పడ్డాక ఏం జరిగిందో చరిత్రలోనే ఉంది. 2017 డిసెంబరులో బిట్‌కాయిన్ సుమారు 19,700 డాలర్లకు చేరింది. నెల తిరిగేసరికి సగమైంది. ‘సేల్’ అనుకుని 9,850 దగ్గర కొన్నవాళ్లు ఏడాది చివరికి 3,200 చూశారు. సగం ధరకు కొన్నదాంట్లోనే మూడింట రెండు వంతులు పోయింది. 2021 నవంబరులో 69,000 డాలర్లు. 2022 జనవరికి 34,500 కిందికి, అంటే మళ్లీ ‘సగం ధర’. మధ్యలో కొంత లేచినా అదే ఏడాది నవంబరుకు 15,500 దగ్గర. జనవరిలో 34,500కు కొని, మధ్యలో అమ్ముకోనివాళ్లకు అసలు మళ్లీ కనిపించింది 2023 అక్టోబరులో, కొన్న దాదాపు ఇరవై ఒక్క నెలలకు.

పతనం ఒకచోట ఆగకపోవడానికి కారణం భయం ఒక్కటే కాదు. మార్కెట్‌లో చాలామంది అరువు డబ్బుతో ఆడుతుంటారు. అరువుతో కలిపి తన డబ్బుకు పది రెట్ల పందెం (లెవరేజీ) కాసినవాడి సొంత సొమ్ము, ధర పది శాతం పడేలోపే హరించుకుపోతుంది. అప్పుడు ఎక్స్చేంజీ, అంటే కాయిన్లు కొని అమ్మే యాప్ సంస్థ, వాడిని అడగదు, వాడి కాయిన్లను తనే అమ్మేస్తుంది. ఆ అమ్మకంతో ధర ఇంకొంచెం పడి, తర్వాతివాడి వంతు వస్తుంది. 2025 అక్టోబరు 10న చైనా మీద అమెరికా కొత్త సుంకాలు ప్రకటించాక ఒక్క రోజులో 1,900 కోట్ల డాలర్లకు పైగా లెవరేజీ పొజిషన్లు ఇలా బలవంతంగా మూతపడ్డాయి. మన స్టాక్ మార్కెట్‌లో సూచీ 10, 15, 20 శాతం దగ్గర సర్క్యూట్ బ్రేకర్లు పడి ట్రేడింగ్ ఆగుతుంది. క్రిప్టోకు ఆ ఏర్పాటు లేదు, ఆదివారం సెలవూ లేదు.

“ఎప్పుడు పడినా మళ్లీ లేచింది”

ఇప్పటిదాకా బిట్‌కాయిన్ లేచింది, నిజమే. ఎంత కాలానికి అన్నది మెసేజ్‌లో ఉండదు. 2013 నవంబరు శిఖరాన్ని దాటడానికి మూడేళ్ల పైన, 2017 శిఖరానికి మూడేళ్లు, 2021 శిఖరానికి రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. ఆ మధ్యలో పిల్లల ఫీజులూ ఇంటి ఈఎంఐలూ ఆగవు కదా.

ఇక మిగతా కాయిన్ల సంగతి. లూనా 2022 ఏప్రిల్ మొదట్లో 119 డాలర్ల దగ్గర ఉంది, మే మొదటి వారంలో 80 పైన. దాని ధర ఒక డాలరు దగ్గర నిలబడాల్సిన యూఎస్‌టీ అనే మరో కాయిన్‌తో ముడిపడి ఉంది. యూఎస్‌టీ డాలరు కిందికి జారినా, ఒక యూఎస్‌టీ ఇచ్చి ఒక డాలరు విలువైన కొత్త లూనాలు తీసుకోవచ్చు. అదీ దాని యంత్రాంగం. అందరూ ఒకేసారి ఆ పని చేసేసరికి 35 కోట్ల దగ్గరున్న లూనాల సంఖ్య కొద్ది రోజుల్లో ఆరున్నర లక్షల కోట్లకు చేరింది. మే 13 నాటికి ఒక లూనాకు ఒక సెంటు కూడా లేదు. 40 డాలర్ల దగ్గర ‘సగం ధర’ అని కొన్నవాడూ, 10 దగ్గర ‘ఇంతకంటే ఏం పడుతుంది’ అని కొన్నవాడూ, ఒక డాలరుకు ‘లాటరీ’ అని కొన్నవాడూ ఒకే చోట తేలారు. 90 శాతం పడిన కాయిన్ అంటే 80 శాతం పడ్డాక మళ్లీ సగమైన కాయిన్. పడటానికి ఇంకేం మిగిలిందన్న లెక్క అందుకే పనికిరాదు.

“ఇంకా పడితే సగటు తగ్గించుకోండి”

కాగితం మీద వేసి చూడండి. 100 రూపాయల ధర దగ్గర పదివేలు పెడితే 100 కాయిన్లు. 50 దగ్గర మరో పదివేలకు 200. 25 దగ్గర ఇంకో పదివేలకు 400. మొత్తం 30 వేలకు 700 కాయిన్లు, సగటు 42 రూపాయల 86 పైసలు. వంద నుంచి నలభై మూడుకు వచ్చేశామని సంబరం. కానీ ఆ రోజు విలువ 17,500. నష్టం 12,500. మొదటి పదివేలతో ఆగినవాడి నష్టం 7,500 మాత్రమే. సగటు తగ్గింది, పోయిన సొమ్ము పెరిగింది. అసలు చేతికి రావాలంటే ధర 25 నుంచి 71 శాతం పైకి పోవాలి.

దీన్ని నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టే సిప్‌తో పోల్చడం ఇంకో తప్పు. ఇండెక్స్ ఫండ్ సిప్‌లో ఒక కంపెనీ మునిగితే సూచీ దాన్ని తీసేసి ఇంకొకటి చేర్చుకుంటుంది. ఒక్క కాయిన్ మునిగితే దాని బదులు తెచ్చిపెట్టేవాళ్లు ఎవరూ లేరు.

“చిన్న కాయిన్లయితే పదింతలు”

కొనే ముందు యాప్‌లో చార్టు వదిలేసి ఆర్డర్ బుక్, అంటే ఎవరెంతకు కొంటామంటున్నారో, అమ్ముతామంటున్నారో చూపే జాబితా, తెరవండి. పతనం రోజున చిన్న కాయిన్ దగ్గర ఇలాంటి దృశ్యం కనిపిస్తుంది: కొనేవాళ్ల పక్క 98, అమ్మేవాళ్ల పక్క 102. దొరికిన ధరకే కొనే మార్కెట్ ఆర్డర్ కొడితే 102కు వస్తుంది, ఆ క్షణమే అమ్మాలంటే 98. నాలుగు రూపాయలు గాలికి. 102 దగ్గర ఉన్నది ఎనిమిది వేల రూపాయల సరుకే అయితే, మీ యాభైవేల ఆర్డర్ మిగతాది 104, 107 దగ్గర ఏరుకుంటుంది. ఫీజు అర శాతం అనుకుంటే దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 0.59, కొన్నప్పుడు ఒకసారి, అమ్మినప్పుడు ఒకసారి. ధర కదలకుండానే వందకు ఐదు రూపాయల పైనే పోయినట్టు.

“నష్టమొస్తే టాక్సులో చూపించుకోవచ్చు”

ఎక్కువమందికి డబ్బు పోయేది ఇక్కడే, ఎక్కువమంది చదవనిదీ ఇదే. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్. కలిపి 31.2. మీ శ్లాబు ఏదైనా ఇంతే. కొన్న ధర తప్ప ఏ ఖర్చూ తీసివేయనివ్వరు. నష్టాన్ని జీతంలోంచి కాదు కదా, ఇంకో కాయిన్ లాభంలోంచి కూడా తగ్గించుకోవడానికి లేదు. వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికీ లేదు. షేర్లలో నష్టానికి ఎనిమిదేళ్ల గడువుంటుంది, దీనికి ఎనిమిది రోజులు కూడా లేదు.

పతనంలో భయపడి అమ్మి, మళ్లీ కొనేవాళ్లకు ఇది ఎలా తగులుతుందో చూడండి. లక్ష పెట్టి కొన్నారు. పడుతుంటే 60 వేలకు అమ్మేశారు. మర్నాడు ‘సేల్’ మెసేజ్ చూసి అదే 60 వేలతో మళ్లీ కొన్నారు. అది లేచి లక్ష అయ్యాక అమ్మారు. ఫీజులు పక్కన పెట్టినా మీకు మిగిలింది సున్నా. చట్టం దృష్టిలో మాత్రం మొదటి 40 వేల నష్టం అసలు లేదు, రెండో 40 వేల లాభం మాత్రమే ఉంది. పన్ను 12,480. మూలిగే నక్క మీద తాటిపండు పడటమంటే ఇదే.

ఇది కాక 2022 జులై 1 నుంచి అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్. లాభం మీద కాదు, మొత్తం మీద. ఒక కాయిన్ ఇచ్చి ఇంకోటి తీసుకున్నా అమ్మినట్టే లెక్క. పతనం వారంలో రోజుకు మూడునాలుగు సార్లు అటూఇటూ దూకేవాళ్లు లక్ష రూపాయలను ఇరవైసార్లు తిప్పితే, ధరలో లాభనష్టాలేవీ లేకపోయినా చేతిలో మిగిలేది 81,800. మిగతా 18,200 పన్ను శాఖ దగ్గర ఉంటుంది. మీరు కట్టాల్సిన పన్నులో అది సర్దుబాటవుతుంది, మిగిలింది రిటర్ను వేశాక తిరిగి వస్తుంది. ఈలోగా ‘ఇంకా పడితే కొందాం’ అనుకున్న సొమ్ములో దాదాపు అయిదో వంతు లేనట్టే.

“లోన్ తీసుకునైనా కొనండి”

అప్పు చేసి పప్పుకూడు తిన్నా కనీసం కడుపు నిండుతుంది. మూడు లక్షల పర్సనల్ లోన్, 15 శాతం వడ్డీ, మూడేళ్లు అనుకోండి. ఈఎంఐ దాదాపు 10,400, మొత్తం వడ్డీ సుమారు 74,400. ఈ వడ్డీని క్రిప్టో లాభంలోంచి తీసివేయనివ్వరు. కాబట్టి పన్ను పోను 74,400 మిగలాలంటే లాభం లక్షా ఎనిమిది వేలు రావాలి. ధర 36 శాతం పెరిగితే మీరు బయల్దేరిన చోటికే వస్తారు. క్రెడిట్ కార్డు బాకీని మోసుకుంటూ పోతే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ. దానికి లెక్క వేయడం కూడా దండగ.

“ఎక్స్చేంజీలు రిజిస్టరయ్యాయి, భయం లేదు”

2023 మార్చిలో క్రిప్టో సంస్థలను మనీ లాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చారు. అప్పటి నుంచి అవి ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదు కావాలి. దాని పని మీ కేవైసీ తీసుకున్నారా, అనుమానాస్పద లావాదేవీలు చెప్పారా అని చూడటం. మీ కాయిన్లు భద్రంగా ఉన్నాయన్న హామీ అందులో లేదు. బ్యాంకు డిపాజిట్‌కు ఉండే ఐదు లక్షల బీమా లేదు, షేర్లకు ఉండే సెబీ రక్షణా లేదు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా విలువైన క్రిప్టో హ్యాకర్ల పాలైంది. ఆ తర్వాత ఏడాదికి పైగా ఖాతాదారులు తమ క్రిప్టోను బయటికి తీసుకోలేకపోయారు. ఆ కాలంలో ధర పడినా పెరిగినా వాళ్లు చూస్తూ కూర్చోవాల్సిందే.

ఇది విని కొందరు ఎక్స్చేంజీ ఎందుకని పీటూపీలో (నేరుగా మనిషి నుంచి మనిషికి), టెలిగ్రామ్ గ్రూపుల్లో యూఎస్‌డీటీ (ఒక డాలరు విలువకు ముడిపెట్టిన కాయిన్) కొని అమ్ముతుంటారు. అది పెనం మీంచి పొయ్యిలో పడటం. మీ యూఎస్‌డీటీ కొన్నవాడు పంపిన డబ్బు ఏ సైబర్ మోసం బాధితుడిదో అయితే, ఆ బాధితుడు 1930కి ఫోన్ చేయగానే డబ్బు జాడ పట్టుకుని బ్యాంకు మీ ఖాతాను ఆపేస్తుంది. ఫిర్యాదు వేరే రాష్ట్రంలోది కావచ్చు, అప్పుడు కూకట్‌పల్లి బ్రాంచి మేనేజరు చేయగలిగిందేమీ ఉండదు. ఫిర్యాదు రసీదు నంబరు, కేసు చూస్తున్న పోలీస్ స్టేషన్ వివరాలు బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకుని అక్కడికే రాయాలి. జీతం పడే ఖాతా అయితే ఆ నెల ఇల్లు గడవదు.

ఇంత చదివాకా కొనాలనుకునేవాళ్లు ఉంటారు, అది వాళ్ల ఇష్టం. ఆరు నెలల ఖర్చు డబ్బు పక్కన ఉంచి, పూర్తిగా పోయినా ఈఎంఐలకు ఇబ్బంది రాని మొత్తమే పెట్టండి. ధర ఎప్పుడు పడుతుందా అని కాచుకోకుండా నెలలో ఒక తేదీ పెట్టుకోండి. పతనం రోజున యాప్ మొరాయిస్తుంది, మార్కెట్ ఆర్డర్ ఎక్కడో తగులుతుంది, కాబట్టి ఇంతకు మించి ఇవ్వనని ధర మీరే చెప్పే లిమిట్ ఆర్డరే వేయండి. కొనే ముందు యాప్‌లో యూఎస్‌డీటీ రూపాయి రేటును బ్యాంకు డాలరు రేటుతో పోల్చండి. ఇక్కడ నాలుగైదు శాతం ఎక్కువ పలుకుతుంటే మీరనుకున్న తగ్గింపులో అంత మేర లేనట్టే. కాయిన్లను ఎక్స్చేంజీ నుంచి మీ దగ్గరే దాచుకునే సొంత వాలెట్‌కు మార్చేటప్పుడు ముందు చిన్న మొత్తం పంపి, చేరాకే మిగతాది పంపండి. ఒక నెట్‌వర్క్‌లో పంపాల్సింది ఇంకో నెట్‌వర్క్‌లో పంపితే వెనక్కి తెచ్చుకోవడం చాలాసార్లు కుదరదు. వాలెట్‌కు తాళంచెవిగా ఇచ్చే 12 లేదా 24 మాటలను ఫోటో తీయకండి, వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోకండి. కాగితం మీద రాసి రెండు చోట్ల పెట్టండి.

రిటర్నులో క్రిప్టోకు విడిగా షెడ్యూల్ ఉంది. ప్రతి అమ్మకానికీ కొన్న తేదీ, అమ్మిన తేదీ, రెండు ధరలూ నింపాలి. అందుకని ప్రతి మార్చి 31న ట్రేడ్ స్టేట్‌మెంట్ దించి పెట్టుకోండి, ఎక్స్చేంజీ మూతపడితే ఆ లెక్కా దానితోనే పోతుంది. అందులోని టీడీఎస్‌ను పన్ను పోర్టల్లో మీ పాన్ మీద కనిపించే మొత్తంతో సరిచూడండి. తేడా ఉంటే రిటర్ను వేయకముందే ఎక్స్చేంజీకి రాయండి. మీకు జమ ఇచ్చేది పోర్టల్లో కనిపించిన మొత్తానికే.